తిట్టకుండా విన్నవాళ్లు

మా వాడు వాళ్ల నాన్నని “బ్రో” అన్నాడండీ.

ఈ ఫిర్యాదు కువైట్ నుంచి వచ్చింది. దసరా సెలవుల్లో ఒక సాయంత్రం గారెలకి పప్పు రుబ్బుకుంటుంటే మా ఆయన ఫోన్ చేశారు. “వాడికేమైందే? ఆటలో ‘హాయ్ బ్రో, కొంచెం డబ్బులు వెయ్యి, రేపు ఇచ్చేస్తా’ అని రాస్తున్నాడు. ఒరేయ్ నేను నాన్ననిరా అంటే ‘ఓకే బ్రో’ అంటాడేంటి?” అన్నారు. ముందు నవ్వొచ్చింది. ఆ వెంటనే భయమేసింది. ఎందుకంటే ఆ టైముకి మా వాడి చేతిలో ఫోనే లేదు. వీధి అరుగు మీద మోకాళ్లలో తల పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. మరి వాడి పేరుతో అక్కడ మాట్లాడుతున్నది ఎవరు?

అసలు సంగతి చెప్పేముందు ఆ ఆట గురించి రెండు ముక్కలు చెప్పాలి. ఊరు కట్టుకునే ఆట అది. గోడలు, బురుజులు, గాదెలు కట్టుకోవాలి. మన ఊరి మీదకి ఇంకొకళ్లు దండెత్తుతారు, మనం ఇంకొకళ్ల మీదకి వెళ్తాం. కొంతమంది కలిసి ఒక జట్టుగా ఉంటారు, ఒకరికొకరు సైన్యం పంపుకుంటారు, మధ్యమధ్యలో మాట్లాడుకుంటారు. దాని పేరు ఇక్కడ రాయను. పేరు రాస్తే ప్రకటన అయిపోతుంది. నేను చెప్పదలుచుకున్నది ఆ ఆట గొప్పతనం కాదు.

మా వాడు తొమ్మిదో తరగతి. తన ఊరికి పట్టిసీమ అనే పేరు పెట్టుకున్నాడు. మా ఊరి ఎదురుగా గోదారి మధ్యలో కొండ మీద వీరభద్రస్వామి గుడి ఉంటుంది కదా, వాడి ఊళ్లో కూడా పెద్ద భవనం నడిమధ్యలో ఒంటరిగా ఉండి, చుట్టూ ఖాళీ వదిలి, ఆ తర్వాత గోడలు ఉంటాయట. “అలా కడితే తొందరగా ఓడిపోతారురా” అని జట్టులోవాళ్లు చెప్పినా మార్చలేదట. ఇవన్నీ నాకు మొన్నమొన్నటిదాకా తెలీదు. నాకు తెలిసిందల్లా “ఆ ఫోను అవతల పారేయ్” అన్న ఒక్క వాక్యమే. దాన్ని రోజుకి పదిసార్లు అనేదాన్ని.

మా ఆయన కువైట్ వెళ్లి మూడేళ్లు దాటింది. గోదారి జిల్లాల్లో ఇది కొత్త కథేం కాదు, మీలో చాలామంది ఇళ్లలో ఉన్నదే. వీడియో కాల్‌లో తండ్రీకొడుకుల సంభాషణ ఎలా ఉంటుందో మీకు తెలుసు. “తిన్నావా?” “ఆఁ.” “చదువుతున్నావా?” “ఆఁ.” “అమ్మకివ్వు.” అంతే. కానీ ఆటలో మాత్రం ఇద్దరూ తెగ మాట్లాడుకునేవారట. ఆయన డ్యూటీ దిగి గదికి వచ్చాక ఓ అరగంట. వీడు సైన్యం అడగడం, ఆయన పంపడం, “ఇవాళ ఎవరి మీదకి వెళ్దాం” అనుకోవడం. నాకేమో ఇద్దరూ కలిసి టైము తగలేస్తున్నారని ఒళ్లుమంట.

సరే, ఆ సాయంత్రానికొద్దాం. పప్పు చేతులతోనే అరుగు మీదకి వెళ్లి “ఏం చేశావురా?” అన్నాను. ఆ అడగడంలోనే సగం తిట్టు ఉంది. చాలాసేపు ఉలకలేదు, పలకలేదు. చివరికి బయటపెట్టాడు. అయిదు రోజుల క్రితం ఎవరో తెలియని ఆటగాడు “రత్నాలు ఉచితం” అని ఒక లింకు పంపాడట. ఆ రత్నాలుంటే పనులు తొందరగా అవుతాయి, మామూలుగా అయితే డబ్బు పెట్టి కొనాలి. లింకు నొక్కితే అచ్చం ఆట పేజీలాంటిదే వచ్చింది. మెయిల్, పాస్‌వర్డ్ అడిగితే కొట్టేశాడు. మర్నాడు పొద్దున చూస్తే ఖాతా లోపలికి వెళ్లనివ్వలేదు.

ఆ మెయిల్ ఎవరిదనుకున్నారు? నాది! నా బ్యాంకు కబుర్లు, పిల్లల ఫోటోలు, డ్వాక్రా గ్రూపు కాగితాల స్కానింగులు అన్నీ అందులోనే ఉన్నాయి.

ఈ అయిదు రోజులూ వాడు సరిగ్గా అన్నం తినలేదు. నేనేమో ఎండదెబ్బ అనుకుని మజ్జిగ పట్టించాను. అత్తయ్యగారు దిష్టి అని ఉప్పు, మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేశారు. ఇద్దరం తోచిన వైద్యమల్లా చేశాం కానీ, “ఏమైందిరా నాన్నా?” అని పక్కన కూర్చుని అడగలేదు.

నిజం చెప్పాలంటే నాకు కోపం ఆగలేదు. చెయ్యెత్తాను కూడా. అత్తయ్యగారు అడ్డం వచ్చారు. కొట్టలేదు గానీ, అంతకంటే పెద్ద దెబ్బే తగిలేలా మాట అన్నాను. “పోతే పోయింది, పీడా విరగడైంది. ఇకనైనా చదువుకుంటావు” అన్నాను. వాడు అప్పుడు ఏడ్చాడండీ. అంతవరకూ ఏడవలేదు. “అది నేనొక్కడినే కట్టింది కాదమ్మా. ఆ గోడలన్నీ నాన్న కట్టినవి” అన్నాడు.

పిల్లాడు బొమ్మ పోగొట్టుకున్నాడు అనుకున్నదాన్ని, ఆ మాటతో నోరు మూసుకున్నాను.

ఆ రాత్రి మా తమ్ముడికి ఫోన్ చేస్తే “కస్టమర్ కేర్ నంబరు ఉంటుందక్కా, వెతికి పంపుతా” అన్నాడు. వెతికాడు, పంపాడు. చేశాను. మొదటి రింగుకే ఎత్తారు! చక్కని తెలుగు. “మేడమ్, కంగారు పడకండి, అయిదు నిమిషాల్లో తెప్పించేస్తాం” అన్నాడు. “ఒక యాప్ వేసుకోండి, మీ ఫోను మాకు కనబడుతుంది, అంతా మేమే చేసేస్తాం” అన్నాడు. అక్కడ ఆగిపోయాను. మా డ్వాక్రా మీటింగులో ఒకసారి ఈ మోసం గురించి చెప్పారు. ఇంటర్నెట్‌లో వెతికితే దొరికే కస్టమర్ కేర్ నంబర్లలో దొంగ నంబర్లు కలిసి ఉంటాయి. వాళ్లు చెప్పిన యాప్ వేసుకుంటే మన ఫోను తెర మొత్తం అవతలివాడికి కనబడుతుంది, వచ్చిన ఓటీపీతో సహా. ఫోను పెట్టేశాను. చేతులు వణికాయి. నలభై దాటిన నేనే ఆ క్షణంలో సగం నమ్మేశాను. పద్నాలుగేళ్ల వాణ్ని ఏ మొహంతో తిట్టాను?

మర్నాడు పొద్దున మా వాడే చెప్పాడు. ఆట లోపలే, సెట్టింగుల్లో, సహాయం అనే గది ఉంటుందట. ఇంకో కొత్త ఖాతా తెరిచి అందులోంచి రాయొచ్చన్నాడు. “మరి అయిదు రోజుల నుంచి ఎందుకు రాయలేదురా?” అంటే, “మెయిల్ నీది కదా, నీకు తెలిసిపోతుందని” అన్నాడు. ఈ జవాబు గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరకే వస్తాను.

ఇద్దరం మంచం మీద కూర్చున్నాం. ఇంగ్లీషు నాకు బొత్తిగా రాదని కాదు, ఆట మాటలు రావు. అందుకని నేను తెలుగులో చెప్పడం, వాడు ఇంగ్లీషులో కొట్టడం. “మా అబ్బాయి మోసపోయి పాస్‌వర్డ్ ఇచ్చేశాడు అని రాయి” అన్నాను. వాడు రాశాడు. తన తప్పుని తన చేత్తోనే, అమ్మ చెబుతుంటే రాయడం. అంతకంటే పెద్ద శిక్ష ఏముంటుందనిపించింది. మొహం ఎర్రబడింది గానీ రాశాడు, ఒక్క మాట దాచలేదు.

మొదట వచ్చింది యంత్రం జవాబే. “మీ సందేశం అందింది, ఇదిగో మీ ఫిర్యాదు సంఖ్య” అని. ఇంకేముంది, ఇది కంచికి చేరినట్టే అనుకున్నాను. సాయంత్రం నాలుగింటికి మళ్లీ ఒకటి వచ్చింది. ఇది మాత్రం మనిషి రాసింది. ఎలా తెలిసిందంటే, మేం రాసింది పూర్తిగా చదివి రాశారు. నేను అడిగింది ఆట ఖాతా గురించి. వాళ్లు మొదటి వాక్యంలోనే, ఆట సంగతి తర్వాత చూద్దాం, ముందు మీ మెయిల్ పాస్‌వర్డ్ ఈ నిమిషమే మార్చండి, అందులో బ్యాంకు వివరాలు ఉంటాయి కదా అన్నారు. రెండంచెల తనిఖీ పెట్టుకోమన్నారు. అంటే పాస్‌వర్డ్ ఒక్కటే తెలిస్తే చాలదు, మన ఫోనుకి వచ్చే కోడు కూడా ఉండాలి. ఆట ఖాతాకి అప్పటికే తాళం వేశాం, దొంగ ఇక లోపల ఏమీ చెయ్యలేడు, తనిఖీకి రెండు మూడు రోజులు పడుతుంది అని రాశారు. ఆఖర్న ఇంకొక మాట. ఈ లింకులకి పెద్దవాళ్లు కూడా రోజూ మోసపోతున్నారు, మీ అబ్బాయి మీకు చెప్పడం మంచి పని, అందువల్లే మనం ఏదైనా చెయ్యగలుగుతున్నాం అని.

మా వాడు ఈ వాక్యాన్ని తెలుగులోకి మార్చి చెబుతుంటే గొంతు పూడుకుపోయింది. నేను చెప్పాల్సిన మాట అది. ఏ దేశంలో కూర్చున్నవాళ్లో, ఆడో మగో, మా మొహాలు చూడనివాళ్లు చెప్పారు.

ఆ తర్వాత ప్రశ్నలు వచ్చాయి. ఖాతా మీదేనని రుజువు కావాలి కదా. ఊరు మొదలుపెట్టింది ఎప్పుడు? ఏ ఫోనులో? మొదటిసారి డబ్బు పెట్టి ఏం కొన్నారు, రశీదు ఉందా? జట్టులో ఎప్పుడు చేరారు? గుర్తున్నంతవరకే చెప్పండి, తేదీ కచ్చితంగా ఉండక్కర్లేదు అన్నారు. ఏ సందేశంలోనూ పాస్‌వర్డ్ అడగలేదు, ఓటీపీ అడగలేదు. పైగా మాకు ఎప్పుడూ చెప్పొద్దు అని వాళ్లే రాశారు. అయిదు నిమిషాల్లో తెప్పించేస్తానన్న ఆ తీపి తెలుగువాడికీ, మూడు రోజులు పడుతుందన్న ఈ మనిషికీ తేడా అదే.

ఈ ప్రశ్నలకి జవాబులు వెతుకుతుంటేనే నాకు మా ఇంటి సంగతులు తెలిశాయి. మొదలుపెట్టింది ఎప్పుడురా అంటే వాడు తడుముకోకుండా చెప్పాడు. నాన్న వెళ్లిన మూడో రోజు. ఏ ఫోనులో అంటే, నాన్న ఇక్కడ వదిలి వెళ్లిన పాత ఫోనులో. దాని తెర పగిలి ఉండేది, బీరువాలో చీరల కింద ఇప్పటికీ ఉంది. మొదట కొన్నది ఏమిటంటే, వాడి పుట్టినరోజుకి వాళ్ల నాన్న అక్కడి నుంచి కొనిచ్చిన చిన్న రత్నాల సంచి. రశీదు మా ఆయన మెయిల్లో దొరికింది. ఆ పుట్టినరోజుకి “నాన్న ఏమీ పంపలేదు, పోనీలే” అని వాణ్ని ఓదార్చింది నేనే. వాడు “పర్లేదమ్మా” అన్నాడు. వాడికి బహుమతి అందింది. నాకు తెలీదు, అంతే.

మూడో రోజు మధ్యాహ్నం ఊరు తిరిగి వచ్చింది. దొంగ కొన్ని రత్నాలు ఖర్చు పెట్టేశాడు, గోడలు చెల్లాచెదురు చేశాడు. పోయిన రత్నాలు మేము ఇవ్వలేం, అందుకు క్షమించండి అని సూటిగా చెప్పేశారు. మా వాడు దానికేం బాధపడలేదు. ఆ రాత్రి తండ్రీకొడుకులిద్దరూ ఫోను మీద మాట్లాడుకుంటూ గోడలన్నీ మళ్లీ పేర్చుకున్నారు. “నాన్నా, ఆ మూల కాదు, ఈ మూల” అని వీడు. నేను ఆ రాత్రి “ఫోను అవతల పారేయ్” అనలేదు.

ఇప్పుడు నా అభిప్రాయం చెబుతాను.

దీన్ని విన్నవాళ్లు రెండు రకాలుగా అన్నారు. మా వదినగారు, “వాళ్ల వ్యాపారం వాళ్లది, మర్యాదగా ఉంటేనే కదా మళ్లీ రత్నాలు కొంటారు” అంది. కాదనను. మర్యాద వెనక లెక్క ఉంటుంది. ఆటల కంపెనీలన్నీ ధర్మసత్రాలేం కావు. 2022 డిసెంబరులో అమెరికాలో ఫోర్ట్‌నైట్ అనే పెద్ద ఆట కంపెనీ ఎపిక్ గేమ్స్ మీద అక్కడి వినియోగదారుల రక్షణ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు పెట్టింది. తికమక పెట్టే బటన్లతో కొనిపించారనీ, తల్లిదండ్రులకి తెలియకుండా పిల్లలు కొనేలా వదిలేశారనీ, డబ్బు వెనక్కి ఇమ్మని కార్డు కంపెనీని అడిగినవాళ్ల ఖాతాలు మూసేశారనీ ఆరోపణలు. చివరికి ఆ కంపెనీ మొత్తం 52 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. అందులో 24.5 కోట్లు కొనుక్కున్నవాళ్లకి వెనక్కి ఇవ్వడానికి, 27.5 కోట్లు పిల్లల వివరాలు తల్లిదండ్రుల అనుమతి లేకుండా సేకరించినందుకు జరిమానా. కాబట్టి అందరూ మంచివాళ్లే అని నేను చెప్పడం లేదు. అయితే లెక్క కోసమైనా సరే, మనిషిని మనిషిలా చూస్తే ఎలా ఉంటుందో నేను చూశాను. ఆ చూసింది అబద్ధం కాదు కదా.

అత్తయ్యగారిది ఇంకో మాట. “ఈ ఆటలన్నీ గవర్నమెంటు బందు చేసిందట కదే, ఇంకా వీడు ఆడుతున్నాడేంటి?” అని. ఇది చాలామందికి ఉన్న సందేహమే. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం నిషేధించింది డబ్బు పందెం కాసే ఆన్‌లైన్ ఆటల్ని. రమ్మీ, బెట్టింగు లాంటివి. మన ఆంధ్రప్రదేశ్‌లో వాటిని 2020లోనే నిషేధించారు. పందెం లేకుండా సరదాకి ఆడుకునే ఆటలు, పోటీగా ఆడే ఈ-స్పోర్ట్స్ ఆ నిషేధంలోకి రావు. ఈ తేడా మనకి తెలిసి ఉండాలి. లేకపోతే పిల్లాడు ఊరు కట్టుకుంటుంటే పేకాట ఆడుతున్నట్టు చూస్తాం, నిజంగా పందెం ఆడుతున్నవాణ్ని “ఏదో ఆటలే” అని వదిలేస్తాం.

ఇంకో సంగతి. మేం పొందింది అదృష్టమా, హక్కా అని ఆలోచించాను. మన దేశంలో 2020లో వచ్చిన ఈ-కామర్స్ నియమాల ప్రకారం, ఇంటర్నెట్‌లో వస్తువులైనా సేవలైనా డిజిటల్ సరుకైనా అమ్మే సంస్థకి ఫిర్యాదులు చూసే అధికారి ఉండాలి. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. అలా చెయ్యకపోతే 1915కి ఫోన్ చెయ్యొచ్చు, అది జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం, తెలుగులో మాట్లాడొచ్చు. మోసంలో డబ్బే పోతే ఒక్క గంట కూడా ఆగకుండా 1930కి చెయ్యాలి. ఈ రెండు నంబర్లూ మా ఇంట్లో క్యాలెండరు మీద స్కెచ్ పెన్నుతో రాసి పెట్టాను, పాల లెక్క పక్కన. మీరూ రాసుకోండి.

కానీ నేను అసలు చెప్పదలుచుకున్నది నియమాల గురించి కాదు. ఇందాక గుర్తుపెట్టుకోమన్నాను కదా, “నీకు తెలిసిపోతుందని” అన్న వాడి జవాబు. అయిదు రోజులు దొంగ చేతిలో నా మెయిల్ పాస్‌వర్డ్ ఉంది. దొంగ తెలివితేటల వల్ల కాదు, మా వాడికి నేనంటే భయం వల్ల. దొంగకి అయిదు రోజుల టైము ఇచ్చింది నా కోపం. వాడు దాని మీద చూడలేదో, చూసే తీరిక లేకపోయిందో గానీ, నా బ్యాంకు డబ్బుకి ఏమీ కాలేదు. అయి ఉంటే? అప్పుడు కూడా పిల్లాణ్నే తిట్టేదాన్ని.

మోసగాళ్లు ఎవరి మీద వల వేస్తారో గమనించండి. ఇంట్లో చెప్పుకోలేనివాళ్ల మీద. అమ్మకి భయపడే పిల్లలు, కొడుకు విసుక్కుంటాడని భయపడే ముసలివాళ్లు, మొగుడు ఏమంటాడోనని నోరు మూసుకునే మనం. నిజం చెప్పండి, ఆన్‌లైన్‌లో చీర కొని మోసపోతే ఎంతమందిమి ఇంట్లో చెప్పాం? నేను చెప్పలేదు. రెండేళ్ల క్రితం పట్టుచీర ఫోటో చూసి 1,200 కట్టాను, వచ్చింది ఇల్లు తుడుచుకోవడానికి కూడా పనికిరాని గుడ్డ. ఆ 1,200 కూరగాయల లెక్కల్లో కొంచెం కొంచెంగా కలిపేశాను. ఆ దొంగని కాపాడింది కూడా భయమే. నా కొడుకు నా దగ్గరే నేర్చుకున్నాడు దాచడం.

ఆ సహాయం గదిలో కూర్చున్న మనిషి ఏం చేశారో ఒకసారి వరసగా చూడండి. ముందు నమ్మారు. ఇంకా నష్టం జరక్కుండా తలుపు వేశారు. తప్పు చెప్పినందుకు మెచ్చుకున్నారు. ఆ తర్వాతే ప్రశ్నలు అడిగారు. ఏది చెయ్యగలరో, ఏది చెయ్యలేరో, ఎన్ని రోజులు పడుతుందో చెప్పారు. నేను చేసింది దీనికి సరిగ్గా తలకిందులు. ముందు తిట్టాను, తర్వాత ప్రశ్నలు, ఆ తర్వాత చెయ్యెత్తడం. మెయిల్ పాస్‌వర్డ్ మార్చాలన్న ఆలోచన మర్నాటి సాయంత్రం దాకా రానే లేదు.

“వాళ్లకేం, జీతం తీసుకుని మర్యాదగా ఉంటారు, ఇంట్లో ఇరవైనాలుగ్గంటలూ పిల్లలతో వేగితే తెలుస్తుంది” అంటారేమో. నేనూ అనుకున్నాను. నిజమే, పొయ్యి మీద పప్పు మాడుతుంటే ఓర్పు ఎక్కడి నుంచి వస్తుంది? కానీ మా రేవులో పడవ నడిపే ఆయన్ని చూడండి. శివరాత్రికి వేలమంది గుడికి వెళ్లాలని ఆయన మీద పడతారు. అయినా పడవలోకి కాలు పెట్టబోయి వెనక్కి తగ్గిన ముసలమ్మని ఆయన కసరడు. ముందు చెయ్యి పట్టుకుని ఎక్కించి కూర్చోబెడతాడు, “గట్టిగా పట్టుకోవాలి కదా మామ్మా” అని చెప్పడం ఆ తర్వాత. తప్పు ఎవరిదో తేల్చడానికి ఒడ్డుకి చేరాక బోలెడు టైము ఉంటుంది. కాలు జారినప్పుడు కాదు.

అలాగని ఆట మీద అదుపు వదిలేశానని అనుకోకండి. ఖాతా ఇప్పుడు వేరే మెయిల్ మీద ఉంది, అందులో బ్యాంకు కబుర్లేవీ లేవు. ఆటకి రాత్రి అరగంటే, అదీ వాళ్ల నాన్న ఖాళీగా ఉన్నప్పుడే. పరీక్షల వారం ఊరికి సెలవు. లింకు ఏదొచ్చినా ముందు నాకు చూపించాలి. నేను కూడా నాకొచ్చిన చీరల లింకులు వాడికి చూపించాలి. ఈ రెండో షరతు వాడు పెట్టాడు. పట్టుచీర కథ వాడికి చెప్పాను మరి. నవ్వాడు గానీ, “పర్లేదమ్మా, పెద్దవాళ్లు కూడా మోసపోతారు” అన్నాడు. ఆ ఉత్తరంలోని మాటే.

మొన్న ఆదివారం వంటింట్లో ఉన్నాను. గుమ్మంలో నిలబడి, “అమ్మా, ఒక తప్పు చేశాను. ముందు మొత్తం విను, తర్వాత తిట్టు” అన్నాడు. గుండె గుభేలుమంది. నోటిదాకా వచ్చింది “మళ్లీ ఏం చేశావురా” అన్న మాట. స్టవ్ కట్టేసి, పీట లాక్కుని కూర్చున్నాను.

“చెప్పు నాన్నా” అన్నాను.